రోబోట్ అరీనా 2 రివ్యూ: కిలో కిలోకూ లెక్క చెప్పాల్సిన ఆట

రోబోలు కొట్టుకునే వీడియో గేముల్లో చాలావాటికి రోబో అంటే పైకి తొడిగే వేషమే. రంగు మారుస్తాం, రంపం తీసేసి సుత్తి పెడతాం, లోపల నడిచేది మాత్రం అదే బొమ్మ. 2003లో వచ్చిన రోబోట్ అరీనా 2 దారి వేరు. గాబ్రియేల్ ఇంటరాక్టివ్ తయారుచేసి, ఇన్ఫోగ్రామ్స్ విడుదల చేసిన ఈ విండోస్ ఆటలో అడుగు పలక గీతల దగ్గర్నుంచి చక్రం ఇరుసు దాకా అన్నీ మనమే అమర్చుకోవాలి. వస్తువుల బరువు, కదలిక, ఢీకొట్టుకోవడం లెక్కగట్టే హావోక్ ఫిజిక్స్ ఇంజిన్ మీద నడుస్తుంది కాబట్టి బరువు ఎక్కడ పడుతోంది, ఆయుధం ఇరుసుకు ఎంత దూరంలో తిరుగుతోంది, ఏ చక్రం మీద ఎంత భారం ఉంది అన్నవే గెలుపోటముల్ని తేలుస్తాయి. ఇరవై ఏళ్లు దాటిపోయాయి, బొమ్మలు పాతబడ్డాయి, అయినా డిజైన్ లోతులో దీన్ని మించిన రోబో పోరాట ఆట ఇప్పటికీ లేదన్నది నా గట్టి అభిప్రాయం. 2016లో వచ్చిన మూడో భాగం కూడా ఆ చోటు తీసుకోలేకపోయింది.

కొనేముందు, దించుకునేముందు ఒక సంగతి తెలియాలి. ఈ ఆట అభిమానులు నడిపే టోర్నమెంట్లు చాలావరకు కీబోర్డు పట్టుకుని ఆడేవి కావు. పోటీదారులు తమ రోబో ఫైలు పంపుతారు. నిర్వాహకులు రెండు వైపులా కంప్యూటర్ చేతే నడిపించి, మ్యాచ్‌ల వీడియోలు పెడతారు. బరిలోకి దిగాక మన చేతిలో ఏమీ ఉండదు. అందుకే వేళ్ల చురుకుదనం కోసం చూసేవాళ్లకు ఇది నప్పదు. కాగితం మీద బరువులు కూడి, తీసి, మళ్లీ కూడేవాళ్లకు మాత్రం ఇది వదలని వ్యసనం.

బరువు తరగతులు మూడు: లైట్‌వెయిట్ 250 కిలోలు, మిడిల్‌వెయిట్ 400, హెవీవెయిట్ 800. చిన్నది సులువుగా అయిపోతుందనుకుని చాలామంది లైట్‌వెయిట్‌తో మొదలుపెడతారు. నిజానికి మూడింట్లో కష్టమైనది అదే. కంట్రోల్ బోర్డు, చక్రాల్ని తిప్పే డ్రైవ్ మోటార్లు, కనీసం ఒక బ్యాటరీ ఎంత చిన్న రోబోకైనా తప్పవు. వాటి బరువు తరగతిని చూసి తగ్గదు. 800 కిలోల్లో అవి చిల్లర ఖర్చు, 250 కిలోల్లో జీతంలో సగం. ఆయుధానికి మిగిలేది కొంచెమే అయినప్పుడు ఒక్క మేకు ఎక్కువైనా ఏదో ఒకటి పీకేయాల్సి వస్తుంది. మొదటి రోబో హెవీవెయిట్‌లో కట్టండి. అక్కడ తప్పు చేసినా సర్దుకోవడానికి జాగా ఉంటుంది.

ఏ తరగతి అయినా ముందు బరువుల పద్దు రాసుకోవాలి. తిరిగే ఆయుధమున్న రోబోకైతే ఆయుధం, దాన్ని తిప్పే మోటారు కలిపి మొత్తంలో 40 నుంచి 50 శాతం అనుకోండి. 800 కిలోల్లో అది 320 నుంచి 400. మిగతాదాంట్లో ఛాసిస్ (అన్నీ అమర్చే పెట్టె), ఆర్మర్ (దాని కవచం), నడిపే మోటార్లు, చక్రాలు, బ్యాటరీలు సర్దాలి. ఢీకొట్టి నెట్టే రామర్ రోబోలో ఈ లెక్క తిరగబడుతుంది. దానికి తిప్పే మోటారు ఉండదు కాబట్టి ఆ బరువంతా డ్రైవ్‌కీ ముందు వరుస మేకులకీ వెళ్లాలి. పద్దు రాయకుండా ల్యాబ్‌లో (ఆటలో రోబోను కట్టే చోట) కూర్చుంటే ఏమవుతుందో ముందే చెప్పొచ్చు: చివర్లో బరువు దాటిపోతుంది, తీయడానికి సులువుగా కనబడేది బ్యాటరీయే కాబట్టి దాన్ని తీసేస్తారు, మ్యాచ్ సగంలో ఆయుధం నీరసపడి ఆగిపోతుంది.

ఛాసిస్ గీయడం దగ్గర ఆట చాలా కఠినంగా ఉంటుంది. గడుల కాగితంలాంటి తెర మీద చుక్కలు పెట్టుకుంటూ అడుగు పలక ఆకారం గీస్తాం, ఎత్తు పెంచుతాం, పై పలకను అదే ఆకారంలో ఉంచుతామా, కుదిస్తామా అన్నది నిర్ణయిస్తాం. పై పలకను ముందువైపు వెనక్కి లాగితే ముందు గోడ వాలుగా మారి వెడ్జ్ అవుతుంది. ఒకసారి ఖరారు చేశాక ఆకారం మార్చడానికి వీల్లేదు. ఆర్మర్ రకం తర్వాతైనా మార్చుకోవచ్చు, గోడల్ని మాత్రం కదపలేం. ఒక్క బ్యాటరీ పట్టకపోతే కట్టిందంతా వదిలేసి కొత్త ఛాసిస్‌తో మొదలుపెట్టాలి. ఈ ఆటలో ఎక్కువమందికి ఓపిక నశించేది ఇక్కడే.

దీనికి పనికొచ్చే పద్ధతి ఒకటుంది. మొదట ఎంత కావాలంటే అంత పెద్ద చతురస్రపు పెట్టె ఒకటి గీసి, అందులో కావలసిన మోటార్లు, బ్యాటరీలు, కంట్రోల్ బోర్డు పక్కపక్కన ఎంత దగ్గరగా పడతాయో సర్ది చూడండి. ఒక్కోటి ఎన్ని గడులు ఆక్రమించిందో రాసుకోండి. అన్నిటికన్నా ఎత్తయిన భాగం ఏదో చూసుకోండి, ఛాసిస్ ఎత్తును అదే నిర్ణయిస్తుంది. ఆ పెట్టెను అలాగే దాచుకుని, రాసుకున్న కొలతలతో అసలు ఛాసిస్ బిగుతుగా గీయండి. ఛాసిస్ ఎంత చిన్నదైతే ఆర్మర్ బరువు అంత తగ్గుతుంది, తగ్గిన బరువు ఆయుధానికి చేరుతుంది. పోటీల్లో నిలబడే రోబోల లోపల వేలు దూరే ఖాళీ కూడా కనబడకపోవడానికి కారణం ఇదే.

ఎత్తు విషయంలో ఇంకో లెక్క ఉంది. తలకిందులైనా నడవగలిగే రోబో కావాలంటే చక్రం వ్యాసం ఛాసిస్ ఎత్తు కంటే ఎక్కువ ఉండాలి, ఇరుసు ఎత్తుకు సరిగ్గా మధ్యలో ఉండాలి. ఛాసిస్ 20 సెంటీమీటర్లు, చక్రం 30 అయితే రెండు వైపులా 5 సెంటీమీటర్ల చొప్పున ఎడం వస్తుంది. ఇరుసు మధ్యలో కాక 3 సెంటీమీటర్లు కిందికి జారిందనుకోండి, నిటారుగా ఉన్నప్పుడు ఎడం 8, బోర్లా పడితే 2. అప్పుడు చిన్న మిట్ట తగిలినా పొట్ట నేలకు ఆనుతుంది. కదలని రోబోకు కౌంట్‌డౌన్ మొదలవుతుంది కాబట్టి, ఆయుధం ఎంత భయంకరమైనదైనా బోర్లా పడి కొట్టుకుంటూ ఓడిపోవడమే. ఇలా రెండు వైపులా నడిచే డిజైన్ కుదరనప్పుడు పడినా లేచే ఏర్పాటు విధిగా ఉండాలి, అంటే స్రిమెక్. అందుకు వేరే చేయి పెట్టడం కంటే ఆయుధపు చేయే ఆ పని కూడా చేసేలా చూస్తే బరువు కలిసొస్తుంది.

ఆర్మర్ జాబితాలో ప్లాస్టిక్ నుంచి స్టీలు దాకా ఉన్నాయి. స్టీలు పేరు చూసి మోజుపడొద్దు. దాని బరువుతో ఆయుధంలో సగం పోతుంది. ఆటగాళ్లు ఎక్కువగా ఎంచుకునేది డబుల్ స్ట్రెంగ్త్ అల్యూమినియం. బరువుకు తగ్గ గట్టిదనం దాంట్లో బాగా కుదిరింది. ఎదురుగా వచ్చే దెబ్బ ఛాసిస్ మీద కాక మీ ఆయుధం మీద పడేలా డిజైన్ చేయగలిగితే ఆర్మర్ ఇంకా తగ్గించొచ్చు. చుట్టూ ఉన్న ఆయుధాలు గిర్రున తిరిగే ఫుల్ బాడీ స్పిన్నర్లకు ఇది బాగా వర్తిస్తుంది. చక్రాలు బయటికి ఉన్న రామర్లకు వర్తించదు.

డ్రైవ్ సంగతికి వస్తే, హెవీవెయిట్‌లో జెడ్‌టెక్ మోటార్లు, షైనీ హబ్ చక్రాలు నమ్మదగిన జోడీ. సన్నటి ఛాసిస్‌లకు యాంగిల్ మోటార్లు పనికొస్తాయి. మోటారు పేరు కంటే ముఖ్యమైనది భారం పంపకం. 800 కిలోల రోబోలో ఆయుధమంతా ముందుకు పెట్టి, నడిపే రెండు చక్రాలు వెనక ఉంచారనుకోండి. గరిమ కేంద్రం ముందుకు జరిగి, బరువులో 70 శాతం ముందు ఆనుతోందనుకుందాం. నడిపే చక్రాల మీద మిగిలేది 240 కిలోలే. నేల మీద పట్టు ఆ 240 కిలోలకే వస్తుంది. మోటారు ఎంత బలమైనదైనా చక్రం ఒట్టినే తిరుగుతుంది, మలుపులో వెనక భాగం జారిపోతుంది. నడిపే చక్రాలు నాలుగు పెట్టడమో, రెండే అయితే గరిమ కేంద్రానికి కొంచెం వెనకగా పెట్టడమో చేయాలి. బ్యాటరీల్ని వెనక్కి జరిపి సమం చేయడం అన్నిటికన్నా చవకైన దారి. వాటిని ఎలాగూ మోయక తప్పదు కదా.

బ్యాటరీలకు రెండు గుణాలున్నాయి, చాలామంది ఒకటే చూస్తారు. మొదటిది మొత్తం ఎంత కరెంటు దాస్తుందన్నది. రెండోది ఒక్క క్షణంలో ఎంత ఇవ్వగలదన్నది. ల్యాబ్‌లో విడిగా తిప్పి చూసినప్పుడు ఆయుధం చకచకా వేగం అందుకుని, అదే రోబో కదులుతున్నప్పుడు మందగిస్తే లోపం రెండోదాంట్లో ఉందని అర్థం. డ్రైవ్, ఆయుధం రెండూ ఒకేసారి లాగుతున్నాయి, బ్యాటరీ అంత ఇవ్వలేకపోతోంది. మొదటి నిమిషమంతా బాగుండి తర్వాత చల్లారిపోతే లోపం మొదటిదాంట్లో ఉంది. కదిలేటప్పుడు మందగించే జబ్బుకు ఇంకో బ్యాటరీ జత చేయాలి, నిమిషం తర్వాత చల్లారే జబ్బుకు ఎక్కువ దాచే రకానికి మారాలి. రెండు జబ్బులూ ఒకటే అనుకుని మందు వేస్తే బరువు పెరుగుతుందే తప్ప ఫలితం ఉండదు.

ఇక ఆయుధాలు. ఈ ఆట అసలు రుచి ఇక్కడుంది.

అడ్డంగా తిరిగే హారిజాంటల్ స్పిన్నర్‌ను తీసుకుందాం. పెర్మ్ 80 మోటారు దీనికి పేరున్న ఎంపిక. ఆయుధాన్ని ఇరుసుకు ఎంత దూరంలో పెట్టాలన్నదే మొదటి ప్రశ్న. 10 కిలోల ముక్కలు నాలుగు 50 సెంటీమీటర్ల దూరంలో పెడితే జడత్వ భ్రామకం (బరువును మీటర్లలో దూరం వర్గంతో గుణిస్తే వచ్చేది, తిప్పడం ఎంత కష్టమో చెప్పే కొలత) 10 యూనిట్లు. వాటినే 75 సెంటీమీటర్లకు జరిపితే 22.5. దూరం ఒకటిన్నర రెట్లయితే జడత్వం 2.25 రెట్లయింది. అదే మోటారు అదే వేగానికి తేవడానికి 2.25 రెట్లు సమయం తీసుకుంటుంది. పూర్తి వేగం అందితే దెబ్బ భయంకరంగా ఉంటుంది, నిజమే. కానీ ఎదుటివాడు బరిలో అడుగు పెట్టగానే దూసుకొచ్చే రామర్ అయితే మీకు ఆ సమయం ఇవ్వడు. మొదటి దెబ్బ సగం వేగంలో తగిలితే అందులో ఉండే శక్తి సగం కాదు, పావు వంతే. ఆ తర్వాత ఆయుధం ఆగిపోతుంది, మళ్లీ సున్నా నుంచి మొదలు. ఒక్క పూర్తి దెబ్బ కోసం ఎదురుచూసే డిజైన్ కంటే దెబ్బ తగిలాక త్వరగా కోలుకునే డిజైనే టోర్నమెంట్‌లో ఎక్కువ రౌండ్లు దాటుతుంది.

రెండో ప్రశ్న పళ్ల సంఖ్య. ఎదుటి రోబో సెకనుకు 3 మీటర్ల వేగంతో దగ్గరికి వస్తోంది, మీ ఆయుధం నిమిషానికి 600 చుట్లు తిరుగుతోంది, దానికి రెండు పళ్లున్నాయి. సెకనుకు 10 చుట్లు, అంటే 20 సార్లు పన్ను ఎదురొస్తుంది. ఒక పన్నుకూ తర్వాతి పన్నుకూ మధ్య ఎదుటివాడు 15 సెంటీమీటర్లు లోపలికి వస్తాడు. ఆ 15 సెంటీమీటర్లే మీ కాటు. పళ్లు ఆరు పెడితే కాటు 5 సెంటీమీటర్లకు పడిపోతుంది, అంచు గీసుకుపోతుంది తప్ప పట్టదు. డిస్క్ చుట్టూ మేకులు బిగించి ముళ్లపంది చేస్తే చూడముచ్చటగా ఉంటుంది, దెబ్బలో పస ఉండదు. రెండు, మహా అయితే మూడు చాలు. ఎదురెదురుగా సమాన బరువులు ఉండేలా చూడండి, లేకపోతే వేగం పెరిగేకొద్దీ రోబో మొత్తం ఊగిపోతుంది.

మూడోది ఎదురు తిప్పు. మోటారు ఆయుధాన్ని కుడికి తిప్పుతుంటే ఛాసిస్‌ను ఎడమకు తోస్తుంది. దాన్ని అడ్డుకునేది చక్రాల పట్టు ఒక్కటే. సన్నటి ఛాసిస్ మీద బలమైన మోటారు పెడితే ఆయుధం వేగం అందుకునేదాకా రోబో ఒక పక్కకు మెలితిరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ నడుపుతున్నప్పుడు గురి పూర్తిగా తప్పుతుంది. చక్రాల్ని వీలైనంత వెడల్పుగా పెట్టడం, బరువు వాటి మీద పడేలా చూడటం తప్ప దీనికి వేరే మందు లేదు. సిట్ అండ్ స్పిన్ రోబోలు ఈ బాధనే పోగొట్టాయి. వాటికి విడిగా ఆయుధపు మోటారే ఉండదు. కుడి ఎడమ చక్రాల్ని ఎదురెదురుగా తిప్పి రోబో మొత్తాన్నే బొంగరం చేస్తారు. తలకిందులైనా తేడా పడదు, మిగిలిన బరువంతా ఆయుధాలకే. లోపం ఏమిటంటే అది ఎదుటివాడి దగ్గరకు వెళ్లలేదు, వాడే రావాలి. ఎదురుచూసి కొట్టే ఈ పద్ధతి చూసేవాళ్లకు విసుగైనా గెలుపు శాతం బాగుంటుంది.

ఆయుధపు ముక్కల్లో రేజర్ టిప్‌లు బరువుకు తగ్గ నష్టం కలిగించడంలో ముందుంటాయి. అందుకే ప్రతి రెండో రోబో మీదా అవే కనబడతాయి. ఈ ఏకరూపత ఆట బలహీనతే. సుత్తులు, గొడ్డళ్లు పెట్టి గెలవాలంటే అదనంగా తల పగలగొట్టుకోవాలి. ఐరన్ స్పైక్‌లు రామర్లకు బాగా నప్పుతాయి. ఏ ముక్క ఎంచుకున్నా రెండు అంకెలు గుర్తుంచుకోవాలి. ఆట లోపలి ఫైళ్లలో ప్రతి భాగానికీ హిట్‌పాయింట్స్, ఫ్రాక్చర్ అని విడివిడిగా ఉంటాయి. మొదటిది ఎన్ని దెబ్బలు తింటుందో చెబుతుంది, రెండోది ఎంత పెద్ద దెబ్బకు ఊడిపోతుందో చెబుతుంది. హిట్‌పాయింట్స్ నిండుగా ఉన్న ఆయుధం కూడా ఒక్క పెద్ద దెబ్బకు అమాంతం ఊడిపోవడం అందుకే. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఎక్స్‌టెండర్లతో, అంటే ఆయుధాన్ని దూరంగా నిలిపే కడ్డీలతో. ఒక ఎక్స్‌టెండర్ చివర నాలుగు ఆయుధాలు అతికిస్తే అది ఊడినప్పుడు నాలుగూ పోతాయి. వీలైనంతవరకు ఆయుధాల్ని వేర్వేరు ఆధారాల మీద పంచండి. ఒకటి పోయినా మిగతావి పోరాడతాయి.

పాపప్‌లు వేరే జాతి. పల్చటి వెడ్జ్ ఛాసిస్, దాని మీద పడుకుని ఉండే ఆయుధాలు, వాటిని ఒక్క ఊపున పైకి లేపే డీడీటీ లాంటి బర్స్ట్ మోటార్లు. ఎదుటివాడు వెడ్జ్ ఎక్కగానే కింద నుంచి పొడిచి ఎగరేస్తుంది. వెడ్జ్ ఎత్తు 20 సెంటీమీటర్లు, పొడవు 60 అయితే వాలు సుమారు 18 డిగ్రీలు. ఎదుటివాడి అంచు కిందికి దూరాలంటే అంతకన్నా నిటారుగా ఉంచకూడదు. వాలు ఎంత తక్కువైనా ముందు అంచు నేలకు తగలకుండా గాల్లో ఉంటే ఏమీ లాభం లేదు. వెనక చక్రాలు పెద్దవైతే ముక్కు కిందికి వంగి అంచు నేలను రాసుకుంటుంది, అయితే మరీ ఎక్కువ ఆనితే పైన చెప్పిన భారం సమస్య మళ్లీ మొదలవుతుంది. పాపప్ గెలుపు స్మార్ట్ జోన్ మీద ఆధారపడుతుంది. ఎదుటి రోబో ఈ కనబడని పెట్టెలోకి రాగానే కంప్యూటర్ ఆయుధాన్ని పేలుస్తుంది. జోన్ ముందుకు ఎక్కువ సాగదీస్తే శత్రువు ఇంకా రాకముందే చేతులు లేచి, అతను వచ్చేసరికి కిందికి దిగుతూ ఉంటాయి. మరీ కుదిస్తే శత్రువు పక్క నుంచి తోస్తున్నా కదలిక ఉండదు. ఆయుధం మొన అందేంత దూరం, ఛాసిస్ వెడల్పుకు కొంచెం ఎక్కువ, అంతే పెట్టి ల్యాబ్‌లోని టెస్ట్‌లో కాక నిజమైన మ్యాచ్‌లో సరిచూడండి.

వైరింగ్ ఎక్కువ సమయం తీసుకోదు, కానీ ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. ఎడమ, కుడి మోటార్లు అద్దంలో బింబంలా ఎదురెదురు బిగిస్తాం. అందువల్ల ముందుకు వెళ్లడానికి ఒకదానికి ధన దిశ, మరోదానికి రుణ దిశ ఇవ్వాలి. తిరగడానికి రెండింటికీ ఒకే దిశ. ముందుకు అంటే గిర్రున తిరుగుతుంటే ఈ రెండూ తారుమారయ్యాయన్నమాట. కంట్రోళ్ల పేర్లు ఫార్వర్డ్, లెఫ్ట్‌రైట్, ఫైర్, స్పిన్, స్రిమెక్ అని ఇంగ్లిషు స్పెల్లింగ్ తప్పకుండా పెట్టాలి. పోటీలో మన బదులు రోబోను నడిపే కంప్యూటర్ డ్రైవర్ ఆ పేర్లనే వెతుకుతుంది. మీకు నచ్చిన పేరు పెడితే చేత్తో నడిపినప్పుడు బాగానే ఉండి, టోర్నమెంట్‌లో బొమ్మలా నిలబడిపోతుంది.

ఆ డ్రైవర్ గురించి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మంచి రోబోలు ఇక్కడే చెడిపోతాయి. ఆటలోని కృత్రిమ మేధ పైథాన్ భాషలో రాసిన ఫైళ్లతో నడుస్తుంది. బైండింగ్స్ అనే ఫైలులో ఒక్కో రోబోకు ఒక్కో వరుస ఉంటుంది: పేరు, ఏ స్క్రిప్టు నడపాలి, కొన్ని అంకెలు. రామర్, పాపప్, స్పిన్నర్, ఆమ్నీ లాంటి స్క్రిప్టుల్లోంచి మీ రోబో తీరుకు సరిపోయేది ఎంచుకోవాలి. ఆ అంకెల్లో థ్రాటిల్ ముందుకు ఎంత జోరుగా తోయాలో చెబుతుంది, టర్న్ ఎంత గట్టిగా తిప్పాలో చెబుతుంది. శత్రువు వైపు తిరిగేటప్పుడు రోబో గీత దాటిపోయి, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు తాగుబోతులా ఊగుతుంటే టర్న్ అంకెను పదేసి తగ్గిస్తూ చూడండి. నోస్ అనేది ఏ వైపు ముందో చెప్పే కోణం, రేడియన్లలో ఉంటుంది. రోబో వీపు చూపిస్తూ పోరాటానికి వెళ్తుంటే దానికి π (పై, సుమారు 3.14) విలువ ఇస్తే సరి. వెపన్స్ అన్న చోట ఆయుధాల నంబర్లు రాయాలి. భాగాల్ని అమర్చిన వరుసను బట్టి ఆ నంబర్లు వస్తాయి కాబట్టి కట్టేటప్పుడే ఏది ఎన్నోదో కాగితం మీద రాసుకోవడం తప్పనిసరి. అవి తప్పు రాస్తే ఆయుధాలన్నీ ఊడిపోయాయని డ్రైవర్ అనుకోవచ్చు, లేదా ఊడిపోయినా ఉన్నాయనుకోవచ్చు. రెండూ ప్రమాదమే. తలకిందులుగా నడిచే రోబోకు ఇన్వర్టిబుల్ అన్నది ట్రూ అని ఉండాలి, లేకపోతే పక్కాగా నడవగలిగి కూడా లేవడానికి ప్రయత్నిస్తూ కూర్చుంటుంది.

ఆటతో పాటు వచ్చే రోబోల మీద గెలిచి మురిసిపోకండి. అవి బలహీనమైనవి. నిజమైన కొలమానం అభిమానులు కట్టిన రోబోలు. అక్కడికి వెళ్లేముందు టోర్నమెంట్ నియమాలు చదవాలి. భాగాల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చడం లాంటి గ్లిచ్‌లు (ఆటలోని లొసుగులు) కొన్ని పోటీల్లో చెల్లుతాయి, రోబో ఫైలును నేరుగా టెక్స్ట్ ఎడిటర్‌లో సవరించడం చాలాచోట్ల చెల్లదు. నా దృష్టిలో గ్లిచ్‌లు లేకుండా కట్టడమే ఈ ఆటలో అసలైన ఇంజినీరింగ్. అవి అనుమతించాక బరువు తప్ప వేరే హద్దు ఉండదు, అందరి రోబోలూ ఒకేలా తయారవుతాయి.

ఫిజిక్స్ ఇంజిన్ మెచ్చుకోదగినదే కానీ దానికీ పిచ్చి పడుతుంది. రెండు భాగాలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నప్పుడు, లేదా వేగంగా తిరిగే ఆయుధం నేలలోకి దిగినప్పుడు రోబో ఒక్కసారిగా రాకెట్‌లా బరి బయటికి ఎగిరిపోతుంది. ఆటగాళ్లు దీన్ని హావోక్ పేలుడు అంటారు. ఆయుధాన్ని నేలకు మరీ దగ్గరగా తిప్పే డిజైన్లలో ఇది ఎక్కువ. ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి జరిపితే చాలావరకు తగ్గుతుంది. అంచులు లేని టేబుల్‌టాప్ బరిలో ఇలా జరిగితే మ్యాచ్ అక్కడితో ముగిసినట్టే. కెమెరా కోణాలు పాతకాలపువి, మెనూలు నత్తనడక, ల్యాబ్‌లో భాగాన్ని సరైన చోట పెట్టడానికి మౌస్‌తో కుస్తీ పట్టాలి. ఈ మూడూ ఓర్చుకోగలిగితేనే దీని జోలికి వెళ్లండి.

ఆటలోని భాగాలతో తృప్తి తీరాక డీఎస్ఎల్ టోటల్ కన్వర్షన్ అనే మాడ్, అంటే ఆటను మార్చేసే అదనపు ఫైళ్ల మూట, ఉంది. అభిమానులే తయారుచేశారు. నిజమైన పోరు రోబోల భాగాలకు దగ్గరగా ఉండే మోటార్లు, ఆయుధాలు అందులో ఉంటాయి. రేజర్ టిప్‌ల ఏకఛత్రాధిపత్యం అక్కడ చెల్లదు. మొదట మామూలు ఆటలో బరువుల లెక్క వంటబట్టాకే దానిలోకి వెళ్లడం మంచిది. భాగాల జాబితా చూస్తేనే కొత్తవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

మన ఇంజినీరింగ్ కాలేజీల టెక్ ఫెస్ట్‌లలో రోబో వార్స్‌కు సిద్ధమయ్యే విద్యార్థులకు ఈ ఆట కొంతవరకే పనికొస్తుంది. అక్కడి 8, 15, 60 కిలోల తరగతుల్లో కూడా భారం పంపకం, కాటు లెక్క, తలకిందులుగా నడవడం, వెడ్జ్ కోణం అన్నీ ఇలాగే ఉంటాయి. వాటిని లోహం కోయకముందే అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. కానీ ఆట మోటార్ల వేడిని లెక్కలోకి తీసుకోదు. స్పీడ్ కంట్రోలర్ కాలిపోదు, కనెక్టర్ ఊడదు, రిమోట్ సిగ్నల్ పోదు, వెల్డింగ్ పగలదు. నిజమైన బరిలో ఓటములు ఎక్కువగా వీటివల్లే వస్తాయి. ఆటలో గెలిచిన డిజైన్‌ను యథాతథంగా కట్టేయకండి. మోటారు ఎంత కరెంటు లాగుతుందో, ఆయుధం ఒక్కసారిగా ఆగితే స్పీడ్ కంట్రోలర్ తట్టుకుంటుందో లేదో విడిగా లెక్కవేయాలి.

కొత్త విండోస్‌లో పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేయొద్దు. అక్కడ రాసే అనుమతి లేని పాత ప్రోగ్రాముల ఫైళ్లను విండోస్ తనంతట తానే వేరే చోట దాచేస్తుంది. మీరు కట్టిన రోబో ఆటలో కనబడుతుంది, ఫోల్డర్‌లో వెతికితే దొరకదు. బైండింగ్స్‌లో మార్చింది ఆటకు చేరదు. గేమ్స్ అని విడిగా ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టుకోండి. ఛాసిస్ ఖరారు చేశాక ఒకసారి, వైరింగ్ అయ్యాక ఒకసారి టీమ్స్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే చోటికి కాపీ చేసుకోండి. మాడ్ వేసేటప్పుడు పాత ఆట మీద కాక దాని కాపీ మీద వేయండి, అప్పుడు రెండూ విడివిడిగా నడుస్తాయి.